తొమ్మిదో అభ్యాసం మీది ఎర్ర టిక్కు

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, అదెక్కడికీ పారిపోదు. దిండు కావాలంటే ఇప్పుడే తెచ్చుకోండి, మధ్యలో మాత్రం లేవొద్దు. ఇది ఒక గది కథ, ఆ గదిలో ఒక కుర్చీ కథ. ఆ కుర్చీలో ఇరవై రెండేళ్ళు కూర్చుని, తనకేమీ తెలియదని గట్టిగా నమ్మిన ఒక మేనత్త కథ.

ఆ గది ఒక పాత మేడ మీద ఉండేది. కింద తాళాలు బాగుచేసే ఆయన కొట్టు, దాని పక్కనుంచి పైకి పద్దెనిమిది మెట్లు. అందులో ఏడో మెట్టు మిగతావాటికంటే రెండు వేళ్ళు ఎత్తు. కట్టినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో మరి! కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా అక్కడ కాలు తట్టుకుని "అమ్మా" అనాల్సిందే. ఆ కేక వినగానే పైనున్నవాళ్ళు "ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారు" అనుకునేవారు. పైన పొడుగాటి గది. గోడ వారగా పన్నెండు కంప్యూటర్లు. కిటికీ పక్కన విడిగా పదమూడోది, దాని ముందు చేతుల్లేని చెక్క కుర్చీ, కుర్చీ మీద పాత చీరముక్కలతో కుట్టిన మెత్త. ఆ మెత్త మీద కూర్చునే హక్కు టిక్కుల అత్తకి తప్ప ఇంకెవరికీ లేదు.

ఎర్ర పెన్సిలుతో కాగితాల మీద టిక్కులు పెడుతుంది కాబట్టి టిక్కులు. మాస్టారి కూతురికి మేనత్త కాబట్టి అత్త. గదికి వచ్చినవాళ్ళందరూ చివరికి అదే పిలుపులోకి దిగేవారు. చదువు అయిదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడుతుంది, కూడబలుక్కుంటుంది, అర్థం మాత్రం అడక్కూడదు.

ఆమె అన్నయ్యని అందరూ కాగితం మాస్టారనేవారు. ఆయన లినక్స్ నేర్పేవాడు. అదేంటంటారా? ఆసుపత్రుల్లో, రైలు ఆఫీసుల్లో, ఎక్కడో చల్లటి మూలగదిలో ఆగకుండా నడిచే పెద్ద యంత్రాలుంటాయి. వాటి లోపల ఇంటి పెద్దకోడలిలా అన్నీ చక్కబెట్టే ఏర్పాటు ఒకటుంటుంది, ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అందులో ఒక రకం లినక్స్. దాన్ని బొమ్మలు నొక్కి కాదు, మాటలు రాసి నడపాలి. ఫలానాది చూపించు, ఫలానాది ఆపు అని ఆజ్ఞ కొట్టాలి. ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా అది మూతి ముడుచుకుంటుంది. ఆ ఆజ్ఞలు చేతికి అలవాటు కావడానికి మాస్టారు నలభై ఒక్క అభ్యాసాలు రాశాడు, ఒక్కోదానికి ఒక్కో కాగితం. నోటితో ఎంత చెప్పినా చివరికి "కాగితం చూసి చెయ్యండి" అనేవాడు. అందుకే ఆ పేరు.

అత్త అప్పట్లో అన్నయ్య ఇంట్లోనే ఉండి వంటా వార్పూ చూసుకునేది, మధ్యాహ్నం ఫ్లాస్కులో టీ పోసుకుని మేడ మీదికి తెచ్చేది. ఒక రోజు తెచ్చేసరికి మాస్టారు తల పట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి బ్యాచి మొత్తం మూడో అభ్యాసం దగ్గర చతికిలబడింది. కాగితంలో ఒక మాట తప్పుంది. ఆయన తను రాసింది తనే పదిసార్లు చేసి చూసుకున్నాడు, పదిసార్లూ బాగానే వచ్చింది.

"చెల్లాయ్, ఆ ఫ్లాస్కు అక్కడ పెట్టి ఇలా కూర్చో."

"నేనా? నేను ముట్టుకుంటే ఏదో పాడవుతుందన్నయ్యా. నాకేం తెలుసు!"

"నీకేం తెలీదనే కూర్చోమంటున్నా. నాకు తెలిసి చచ్చాను. కాగితంలో తప్పున్నా నా వేళ్ళు గుట్టుగా దిద్దేసుకుని ముందుకి పోతున్నాయి. నువ్వు చూసింది కొట్టు. తెలిసింది కొట్టకు."

"తెలిసిందేముంది నా మొహం, కొట్టడానికి!"

"శభాష్. అలాగే ఉండు."

మొదటి కాగితం ముందు పెట్టి ఆయన ఏదో పని మీద కిందికి వెళ్ళాడు. అరగంట తర్వాత వచ్చేసరికి ఆమె చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, ఫొటో తీయించుకుంటున్నదానిలా కదలకుండా కూర్చుంది. తెర మీద మొదటి ఆజ్ఞ బుద్ధిగా, తప్పుల్లేకుండా ఉంది. దాని కింద ఏమీ లేదు.

"ఏమైందే?"

"ఏమీ కాలేదు. అది ఏమన్నా చేస్తుందేమోనని చూస్తున్నా."

"ఎంటర్ నొక్కలేదా?"

"నొక్కమని కాగితం చెప్పిందా?"

మాస్టారు కాగితం చూశాడు. చెప్పలేదు. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "తప్పు నీది కాదు చెల్లాయ్, కాగితానిది. ఇకనుంచి నువ్వు టిక్కు పెట్టనిదే ఏ కాగితమూ ఈ గది దాటి పోదు."

ఆ సాయంత్రం నలభై ఒక్క కాగితాల మీదా 'ఎంటర్ నొక్కండి' అని చేర్చాడు.

అలా మొదలైంది. ఒకసారి రాసేస్తే అయిపోయేదైతే ఆ కుర్చీ అన్నేళ్ళు ఉండేది కాదు. లినక్స్‌కి రెండు మూడేళ్ళకోసారి కొత్త వెర్షన్ వచ్చేది. మీరు పది రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి ఎవరో మీ వంటింట్లో డబ్బాలన్నీ సర్దేశారనుకోండి. సర్దినవాళ్ళు మంచికే సర్దుతారు. కానీ చెయ్యి అలవాటుగా ఉప్పు డబ్బా కోసం వెళ్తుంది, అక్కడ పంచదార ఉంటుంది. కొత్త వెర్షన్ అంటే అదీ. నిన్నటిదాకా పనిచేసిన ఆజ్ఞ ఈ రోజు "అలాంటిది లేదు" అంటుంది. అలాంటప్పుడల్లా అన్నాచెల్లెళ్ళిద్దరూ మళ్ళీ ఒకటో కాగితం నుంచి మొదలుపెట్టేవారు. ఆమె చూసింది కొట్టేది. పనిచేస్తే టిక్కు, చెయ్యకపోతే "అన్నయ్యా, ఇది మొరాయించింది" అని కేక. ఆయన కొత్త ఆజ్ఞ చిన్న చీటీ మీద రాసి, మైదా జిగురుతో పాతదాని మీద అంటించేవాడు. మళ్ళీ వెర్షన్ మారితే ఆ చీటీ మీద ఇంకో చీటీ. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాగితాలు బొంతల్లా మందమెక్కాయి. ఆకుపచ్చ అట్టల ఫైలు మూతపడటం మానేసింది. దానికి మాస్టారి పాత బెల్టు చుట్టి ఉంచారు.

వెర్షన్ల నంబర్లు అత్తకి గుర్తుండేవి కావు. ఆమె లెక్క వేరు. పైకప్పు కారి మూడు మానిటర్లకి గొడుగులు పట్టిన వెర్షన్. మేనకోడలికి పాలపన్ను ఊడి, అది కీబోర్డులో పడి, సాయంత్రం దాకా వెతికిన వెర్షన్. లావు మానిటర్లు పోయి పల్చటివి వచ్చిన వెర్షన్. లావువాటి మీద వెచ్చగా పడుకునే పిల్లి ఆ పల్చటి అంచు మీదికి ఒకసారి దూకి, జారి కింద పడి, ఆ అవమానానికి మళ్ళీ గదిలో అడుగుపెట్టలేదు. ఒక్కో వెర్షన్ పని అయ్యాక అన్నాచెల్లెళ్ళు కిటికీ దగ్గర కూర్చుని టీ తాగేవారు.

ఒకసారి అలా తాగుతూ మాస్టారన్నాడు: "ఎప్పుడైనా నీకు ఇవన్నీ తెలిసిపోయాయనుకో, దాచకుండా చెప్పేయ్. మర్యాదగా నీకు వేరే కుర్చీ వేయిస్తా."

"నాకా? తెలియడమా? అంత చోటు ఎక్కడుందన్నయ్యా ఈ బుర్రలో!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ మాట అక్కడితో మరుగున పడిపోయింది.

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడా గది మేనకోడలిది. చురుకైన పిల్ల, మంచి పిల్ల, తండ్రిలాగే కాగితం అంటే ప్రాణం. కాకపోతే కాలికి చక్రాలున్నట్టు తిరుగుతుంది. ఆ ఏడు మళ్ళీ కొత్త వెర్షన్ వచ్చింది. ఒక పెద్ద ఆసుపత్రి వాళ్ళు తమ యంత్రాలన్నీ దానికి మారుస్తున్నారు, వాటిని చూసుకోవడానికి పన్నెండు మందిని నేర్చుకోమని పంపుతున్నారు. మేనకోడలు ఈసారి చీటీలు అంటించలేదు. నలభై ఒక్క అభ్యాసాలూ కంప్యూటరులో కొత్తగా ఎక్కించి, తెల్లటి కాగితాల మీద అచ్చు తీసింది.

"ఈ బొంతలు ఇక చాలత్తా. చూడు ఎంత శుభ్రంగా ఉన్నాయో."

"శుభ్రంగానే ఉన్నాయి. మీ నాన్న చెయ్యే కనపడట్లేదు."

"ఇంకోటి. అభ్యాసాలు సరిచూడటానికి ఒక ప్రోగ్రాం రాశాను. నలభై ఒక్కటీ నాలుగు నిమిషాల్లో చేసి పెడుతుంది. నీకా నడుం నొప్పి దేనికి చెప్పు? పదమూడోది తీసేసి కిటికీ దగ్గర ప్రింటరు పెడదామనుకుంటున్నా."

అత్త ఫ్లాస్కు మూత తిప్పుతూ అడిగింది: "నీ ప్రోగ్రాం టీ తాగుతుందా?"

"తాగదు."

"మధ్యలో లేచి నీతో పోట్లాడుతుందా?"

"అస్సలు పోట్లాడదు!"

"అయితే అది మనింటి పిల్ల కాదు. సరే, ఈసారికి ఇద్దరం చేస్తాం. అది వదిలేసిన తప్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నేను పట్టుకున్నానా, ఆ కుర్చీ కదలదు. పట్టుకోలేకపోతే నేనే ఆ మెత్త తీసుకుని దిగిపోతాను."

"అత్తా, పందెమా ఇది?"

"పందెం కాదే, బతుకు."

మేనకోడలు నవ్వింది గాని అత్త నవ్వలేదు. పొద్దున లేస్తే ఆమె కళ్ళ ముందు మెదిలేది ఆ కుర్చీయే. తెలియకపోవడం ఒక పనికొస్తుందని ఈ లోకంలో ఆమెకి చెప్పినది ఆ ఒక్క కుర్చీ.

మూడు రోజులు చేసింది. చెక్క స్కేలు ఒక్కో వరుస కింద పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి కొట్టింది. ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నీ పనిచేశాయి. ఎక్కడైనా మొరాయిస్తుందేమోనని ఆశగా చూసింది, పాపం. మొరాయించలేదు. నలభై ఒక్క టిక్కులు. ప్రోగ్రాం కూడా నలభై ఒక్కటికీ సరేనంది.

"ఒక్కటీ దొరకలేదుగా అత్తా," అంది మేనకోడలు, గొంతు తగ్గించి.

"దొరకలేదే. బాగా ఎక్కించావు. వచ్చే శనివారం ప్రింటరు జరుపుకో."

సోమవారం ఆసుపత్రి వాళ్ళు వచ్చారు. మెట్ల మీద పన్నెండు సార్లు "అమ్మా" వినిపించింది. వాళ్ళలో మందుల స్టోర్సులో పనిచేసే ఒకావిడ ఉంది, యాభై దాటాయి, కళ్ళజోడు తాడుకి కట్టి మెడలో వేసుకుంది. పక్క సీటులో ఎక్స్‌రే కుర్రాడు. కుర్రాడంటే మరీ చిన్నవాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, కాకపోతే నోరు ఊరుకోదు. మధ్యాహ్నానికి అందరూ ఎనిమిది అభ్యాసాలు దాటారు. తొమ్మిదోది యంత్రం తన చిరునామా ఏమిటో చెప్పేది. ఇంటికి నంబరున్నట్టు ప్రతి యంత్రానికీ ఒక నంబరుంటుంది, అది చూపించమనే ఆజ్ఞ.

స్టోర్సు ఆవిడ కాగితం చూసి కొట్టింది. 'ఆ ఆజ్ఞ లేదు' అంది తెర. మళ్ళీ కొట్టింది. లేదు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి, వేలు పెట్టి ఒక్కో అక్షరం సరిచూసుకుంటూ కొట్టింది. లేదు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. చప్పుడు కాకుండా కుర్చీ వెనక్కి జరిపి, బ్యాగు జిప్పు వేసుకోవడం మొదలుపెట్టింది.

"ఏంటండీ, అప్పుడే బయల్దేరారు?" అన్నాడు ఎక్స్‌రే కుర్రాడు.

"నా వల్ల కాదు బాబూ. మావాళ్ళకి ముందే చెప్పాను, ఈ వయసులో నన్ను పంపకండి, నవ్వులపాలవుతానని."

"ఆగండాగండి. నాదీ అదే అంటోంది."

"నాదీ," అంది అటు చివర ఇంకొకావిడ. మేనకోడలు పరుగున వచ్చి కాగితం తీసుకుంది. మూలన ఎర్ర టిక్కు నిగనిగలాడుతోంది.

"అత్తా, తొమ్మిదోది చేశావా?"

"చేశాను."

"నిజంగా చేశావా, లేక..."

మేనకోడలు అక్కడే నాలుక కరుచుకుంది. కానీ ఆ 'లేక' బయటికి వచ్చేసింది. ముల్లు గుచ్చుకున్నట్టయింది అత్తకి.

"లేక అంటే ఏంటే? ఇరవై రెండేళ్ళలో చెయ్యకుండా ఒక్క టిక్కు పెట్టానా? మీ నాన్న ఉంటే ఆ మాట అనేదానివా? ఇలా తే ఆ కాగితం."

వెళ్ళి పదమూడోదాని ముందు కూర్చుంది. మెత్త సర్దుకుంది, స్కేలు వరుస కింద పెట్టింది. పన్నెండు మందీ లేచి వెనక చేరారు. కాగితం చూస్తూ కొట్టింది, ఎంటర్ నొక్కింది. చిరునామా టకటకా తెర మీదికి వచ్చేసింది.

"చూశావా? చూడండమ్మా అందరూ. వచ్చిందా లేదా?"

ఎక్స్‌రే కుర్రాడు తల గోక్కున్నాడు.

"వచ్చిందండీ. కానీ అత్తగారూ, కాగితం మీద ఉన్నదొకటి, మీరు కొట్టిందొకటి."

ఆమె కాగితం వైపు చూసింది. స్కేలు మీద ఎనిమిది అక్షరాల పొడుగాటి మాట ఉంది. తెర వైపు చూసింది. అక్కడ రెండక్షరాల పొట్టి మాట, దాని పక్కన ఇంకో చిన్న మాట ఉన్నాయి. మళ్ళీ కాగితం. మళ్ళీ తెర. పొడుగాటిది అన్నయ్య మొదటిసారి రాసిన పాతకాలపు ఆజ్ఞ. వెర్షన్ మారినప్పుడు దాని మీద పొట్టిదాని చీటీ అంటించాడు. మేనకోడలు హడావిడిలో, తండ్రి ఎప్పుడో కంప్యూటరులో ఎక్కించి పెట్టిన పాత కాపీలోంచి ఆ పేజీ తీసుకుంది. చీటీ కాగితం మీదే మిగిలిపోయింది. మరి అత్త? ఆమె కళ్ళు స్కేలు మీదే ఉన్నాయి. వేళ్ళు మాత్రం ఆ లేని చీటీని చదివాయి.

అబద్ధపు టిక్కు కాదది. అంతకంటే పెద్ద సంగతి. ఆమెకి ఇవన్నీ తెలిసిపోయాయి.

"ప్రోగ్రాం కూడా సరేనంది కదా," అంది మేనకోడలు తనలో తనే. గబగబా వెళ్ళి ప్రోగ్రాం తెరిచి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అందులో ఆజ్ఞలు ఆ పిల్ల తన బుర్రలోంచే రాసింది. అక్కడ పొట్టిదే ఉంది. కాగితం ముందు పెట్టుకున్న అత్త, దాని ముఖమే చూడని ప్రోగ్రాం, ఇద్దరూ తెలిసినవాళ్ళే. తెలియనివాళ్ళు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే, వాళ్ళలోనే ఒకావిడ బ్యాగు మూసుకుంది.

అత్త లేచి నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, బ్యాగు తెరువు. తప్పు నీది కాదు, కాగితానిది. ఆ కాగితం మీద టిక్కు నాది. మూడుసార్లు అక్షరం పొల్లుపోకుండా కొట్టావు, నేను ఒక్కసారి కూడా కొట్టలేకపోయాను. ఈ గదిలో నీ అంత పనిమంతురాలు లేదు ఇవాళ."

ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు తుడవడం మరిచిపోయింది. ఎక్స్‌రే కుర్రాడు తన కర్చీఫు ఇచ్చాడు. నవ్వులు వినపడ్డాయి. మేనకోడలు తొమ్మిదోది చేత్తో దిద్ది, మిగతా కాగితాలు పాత ఫైలుతో సరిచూసి రేపిస్తానని చెప్పింది. ఆ రోజు క్లాసు ఎలాగో గట్టెక్కింది.

అత్త మాత్రం చెక్క కుర్చీ మీది మెత్త తీసి చంకలో పెట్టుకుని, ఆకుపచ్చ ఫైలు పట్టుకుని, మెట్ల మలుపులో కూర్చుంది. బెల్టు విప్పి తొమ్మిదో కాగితం తీసింది. జిగురు ఎండి చీటీ అంచులు లేచాయి. గోటితో మెల్లగా ఎత్తి చూసింది. పైనది అన్నయ్య చివరి ఏడు రాసింది, గీతలు వణికాయి. దాని కింద ఇంకొకటి, నీలం సిరా, నిటారుగా ఉంది. అన్నిటికంటే అడుగున మొదటి రాత, పొడుగాటి మాట, దాని పక్కన 'ఎంటర్ నొక్కండి' అని ఎర్రగా. అరగంట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మధ్యాహ్నం ఆ జిగురు కింద చెక్కుచెదరకుండా ఉంది.

మేనకోడలు రెండు గ్లాసుల టీతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఆ మాట అనకూడదత్తా. నోరు జారింది."

"నోరు జారడం కాదే, నువ్వు సరిగ్గానే అడిగావు. మీ నాన్న ఒకసారి చెప్పాడు, నాకు తెలిసిపోయిన రోజు చెప్పేయమని. ఇప్పుడెవరికి చెప్పను?"

"నాకు చెప్పు."

అత్త టీ ఊదుకుంది, తాగలేదు. "తెలిసిపోయిందే."

కింద కొట్టులో సుత్తి చప్పుడు. తర్వాత మేనకోడలు మెల్లిగా అడిగింది: "పదకొండోది ఏంటి?"

"ఏ పని ఎంత మెమరీ తింటోందో చూసేది."

"ఇరవై మూడు?"

"చెప్పిన వేళకి తనంతట తానే పని చేసుకోమని గడియారం అప్పగించేది. అందులో నెలా రోజూ తారుమారు చేస్తారు కొత్తవాళ్ళు, అక్కడ కాస్త నిదానంగా చెప్పాలి."

"ముప్పై ఎనిమిది?"

"తాళంచెవి లేకుండా ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి... కాదు, తాళంచెవి ముందే పంపించి వెళ్ళేది. ఏమే, పరీక్ష పెడుతున్నావా?"

"ఎప్పుడు నేర్చుకున్నావత్తా ఇదంతా?"

"నేర్చుకోలేదే. పొయ్యి దగ్గర కూర్చుంటే మసి అంటుకోదూ? అలా అంటుకుంది."

మేనకోడలు ఆమె చంకలోంచి మెత్త లాగి తన ఒళ్ళో పెట్టుకుంది. "వేరే కుర్చీ వేయిస్తానన్నాడు కదా నాన్న. అదిప్పుడు నేను వేస్తాను. కాగితాలు నువ్వు రాయి."

"నేనా? రాయడమా?"

"నేను రాస్తే తొందరలో రాస్తాను, నాకు తెలిసినవన్నీ మింగేస్తాను. ఇరవై మూడులో ఎక్కడ తడబడతారో నాకు ఎప్పుడైనా తట్టిందా? నువ్వు నోటితో చెప్పు, నేను టైపు చేస్తా."

"మరి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?"

కింద సుత్తి చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

శనివారం అత్త మెట్లు దిగింది. ఏడో మెట్టు దగ్గర తన కాలు తనంతట తానే జాగ్రత్త పడటం మొదటిసారి గమనించింది. అబ్బో, ఈ కాలికి కూడా ఎంత తెలుసు, అనుకుంది.

"ఏంటక్కా, ఇలా దిగొచ్చారు?" అన్నాడు తాళాలాయన, ఆకురాయి పక్కన పెట్టి. "పైన కంప్యూటర్లకి తాళం పడిందా?"

"పడింది తమ్ముడూ, నువ్వే రావాలి. నీకు కంప్యూటరు గురించి ఏమైనా తెలుసా?"

"నాకా? ఆవగింజంత కూడా తెలీదు."

"ఇంగ్లీషు అక్షరాలు?"

"తాళాల మీద కంపెనీ పేర్లు చదువుతాను కదా రోజూ. ఎందుకక్కా?"

"దేవుడిచ్చిన మనిషివి. లే."

పదిహేనేళ్ళుగా ఆ మెట్ల పక్కనే కూర్చున్నాడు గాని ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు ఆయన. ఏడో మెట్టు దగ్గర ధడేల్మని తట్టుకుని "అమ్మా!" అన్నాడు. పైన మేనకోడలు ఆ కేక విని పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

అత్త మెత్త కుర్చీ మీద వేసి, తను చెప్పగా మేనకోడలు అచ్చు తీసిన కొత్త పదో కాగితం ఆయన ముందు పెట్టింది. యంత్రంలో ఒక పని నడుస్తోందో ఆగిపోయిందో చూసే అభ్యాసమది. రెండు రోజులు కూర్చుని చెప్పింది, మూడుసార్లు దిద్దించింది. ఇందులో తప్పు పట్టగలిగినవాడు పుట్టలేదని లోపల కాస్త గర్వంగానే ఉంది.

"చూసింది కొట్టు తమ్ముడూ. తెలిసింది కొట్టకు."

"తెలిసిందేముందక్కా కొట్టడానికి, తాళాలు తప్ప!"

అత్త టీ కలపడానికి వెళ్ళింది. గ్లాసులతో వచ్చేసరికి తాళాలాయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెర వైపు కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"ఏమైంది?"

"లోపలికి వెళ్ళానక్కా. పని నడుస్తోందని చెప్పింది, బాగానే ఉంది. రెండో ఆజ్ఞ కొడదామంటే చోటే ఇవ్వట్లేదు. ఏం నొక్కినా కుయ్ మంటోంది గాని బయటికి పోనివ్వట్లేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరు ఏ గదిలో ఇరుక్కున్నా నేనే తాళం తీసి బయటికి తెచ్చాను. నన్ను తెచ్చేవాళ్ళు లేరు ఇక్కడ!"

అత్త తెర చూసింది. పాత వెర్షన్‌లో ఆ ఆజ్ఞ జవాబు చెప్పేసి ఊరుకునేది. తర్వాతి వెర్షన్ల నుంచి జవాబు ఒక పుటలా తెరుచుకుని అలాగే నిలబడుతుంది. బయటికి రావాలంటే క్యూ అక్షరం నొక్కాలి. ఎన్నేళ్ళుగానో ఆమె ఎడమ చిటికెన వేలు అడక్కుండానే వెళ్ళి దాన్ని నొక్కి వచ్చేస్తోంది. ఆ వేలు చేసే పని ఆమెకే తెలియదు. కాగితం మీదికి ఇంకెలా వస్తుంది?

ఆమెకి నవ్వు వచ్చింది. మొదట మెల్లగా, తర్వాత భుజాలు కదిలిపోయేలా. టీ గ్లాసులు కిటికీలో పెట్టేసి, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వుతూ ఉండగానే, ఆ మొదటి మధ్యాహ్నం అన్నయ్య ఎందుకంత నవ్వాడో తెలిసింది. ఎగతాళి కాదది. ఒంటరిగా ఎంత వెతికినా దొరకని తప్పుని వేరే మనిషి చేత్తో తీసి ఇచ్చినప్పుడు వచ్చే నవ్వు. ఇన్నేళ్ళూ తను ఆయనకి ఇచ్చింది అదా! కళ్ళు తుడుచుకుంది.

"నేనేమైనా పాడుచేశానా అక్కా?" అన్నాడు తాళాలాయన బెదురుగా.

"తప్పు నీది కాదు తమ్ముడూ, కాగితానిది."

ఎర్ర పెన్సిలు ఆయన చేతిలో పెట్టింది. తను వేరే పెన్సిలు తీసుకుని, కోడి కెలికినట్టుండే తన సొంత రాతతో ఒక చిన్న చీటీ మీద 'బయటికి రావడానికి క్యూ నొక్కండి' అని రాసింది. తెల్లటి అచ్చు కాగితం మీద దాన్ని అంటించడానికి జిగురు కోసం వెతికింది. మేనకోడలు సొరుగులోంచి తీసి ఇచ్చింది. బొంతలు వద్దన్న పిల్లే చీటీ అంచులు అదిమింది. ప్రింటరు కిటికీ దగ్గరికి రాలేదు, తలుపు పక్క మూలలోనే ఉండిపోయింది.

ఆసుపత్రి యంత్రాలు అనుకున్న రోజున మారాయి. స్టోర్సు ఆవిడ తన విభాగంలోది తనే మార్చి, ఆ రోజే గదికి ఫోన్ చేసి టిక్కుల అత్తనే పిలవమంది. ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, చాలాసేపు నవ్వుకున్నారు.

ఇదీ కథ. మీ దగ్గరే ఉంచుకోకుండా ఇంకొకరికి చెప్పండి. ఎవరైనా ఒక పని చేతకాక, తప్పంతా తమదేననుకుని బ్యాగు మూసుకుంటుంటే, వాళ్ళ పక్కన కూర్చుని చెప్పండి. ఏడో మెట్టుతో మొదలుపెట్టండి, టీ దగ్గర తొందరపడకండి. చెప్పీ చెప్పీ నాకు తెలిసిపోయిన కథ కదా, నేనూ ఎక్కడో ఏదో మింగేసే ఉంటాను. అర్థం కానిచోట నన్ను ఆపి అడగండి. తప్పు మీది కాదు, నాదే. అడిగినది కూడా కలుపుకుని, మీ నోటితో చెప్పండి.